మందు అన్న మాట

జూన్ 20, 1995

గున్నా,

నీ నోటుబుక్కులోనే రాస్తున్నాను. మొదటి నాలుగు పేజీల్లో నువ్వు రాసుకున్న కుట్టు కొలతలున్నాయి, అన్నీ హిందీలో. వాటిని చింపలేదు. ఒక పేజీ ఖాళీ వదిలి మొదలుపెట్టాను.

నాకు తెలుగు ఐదో తరగతి దాకానే వచ్చు. అదీ చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో, ముప్పై ఏళ్ళ కిందట నేర్చుకున్నది. గుణింతాలు తప్పితే నవ్వకు. నవ్వడానికైనా నీకు తెలుగు చదవడం రాదు కదా. భిలాయిలో పుట్టావు, హిందీ బడికెళ్ళావు. నువ్వు చదవలేని దాంట్లో నీకు రాస్తున్నాను, చూడు నా తెలివి.

నువ్వు వెళ్ళి పది నెలలైంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఇంట్లో తిరిగితే గాజుల చప్పుడుండేది. ఇప్పుడు కుక్కర్ కూత తప్ప ఏమీ లేదు. నాన్నతో మాట్లాడదామంటే నీ పేరు రాగానే చెప్పులు తొడుక్కుంటాడు.

ఒకటి మాత్రం ఇందులో రాసిపెడతాను. నా తప్పు లేదు. నెత్తురు విరేచనాలకని ఇచ్చిన ఆ తెల్లమాత్రలే నిన్ను తీసుకుపోయాయి. మన క్యాంప్ బస్తీలో అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. రోజుకు మూడు, ఏడు రోజులు. ఒక్క పూట తప్పలేదు. అన్నం తినిపించే ఇచ్చాను. కంపౌండరు ఏది చెబితే అది చేశాను. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

జూన్ 21

కంపౌండరు చెప్పిందే చేశాను.

జూన్ 26

నల్లాలో నీళ్ళు మళ్ళీ పచ్చగా వస్తున్నాయి. కిందటి వానల్లోనూ ఇలాగే వచ్చాయి. మురుగుకాలవలో గొట్టం ఎక్కడో పగిలిందట. పక్కింటి కామాక్షమ్మ బిందె పెట్టి, "నూకాలమ్మొదినా, ఈ నీళ్ళకి టీ పొడెందుకూ? పంచదార ఏసుకొని తాగీడవే" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాక నువ్వు గుర్తొచ్చి బిందె సగంలోనే ఎత్తుకొచ్చేశాను.

కామాక్షమ్మ వెనకాలే వచ్చింది. "మీ ఆయన నిన్న గోపాలం భుజం మీద ఏలాడుకుంటూ వచ్చాడు. ఏటొదినా అలగొగ్గీసినావు?" అంది. ఒగ్గెయ్యక కట్టెయ్యమంటుందా? నువ్వు వెళ్ళినప్పటి నుంచీ రోజూ తాగుతున్నాడు. డ్యూటీ అవగానే తనతో పనిచేసే మూడో వీధి గోపాలంతో దారూ దుకాణానికే. మా ఊళ్ళో దాన్ని సారా అనేవారు. ఇక్కడందరూ దారూ అంటారు, మన ఇంట్లోనూ అదే మాట. నువ్వు చిన్నప్పుడు "పప్పా సే దారూ కీ బదబూ" అని ముక్కు మూసుకునేదానివి.

నీళ్ళు కాచి చల్లారుస్తున్నాను. నాన్న కాచినవి తాగడు. రుచి లేదంటాడు.

జూన్ 30

దుకాణానికెళ్తుంటే ఆ కంపౌండరు విన్సెంటు ఎదురయ్యాడు. సైకిల్ దిగి "పిన్నిగారూ, బాగున్నారా అండి" అన్నాడు. మొహం తిప్పుకున్నాను.

బాగున్నానా!

జూలై 3

నాన్నకి పొట్ట పట్టుకుంది. స్టీలు ప్లాంటు క్యాంటీన్ సమోసా అంటాడు. పొద్దుట నుంచి తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చాడు. ఒళ్ళు కాలుతోంది. ఇంటికొచ్చిన గోపాలాన్ని కూడా పొమ్మన్నాడు.

జూలై 5

ఈ రోజు జిగట, నెత్తురు. చూశాను. నీకు పడినట్టే.

రిక్షాలో, నీకు మాత్రలు రాసిన ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాడు. నేను వెళ్ళలేదు, నా కాళ్ళు ఆ గుమ్మం ఎక్కవు. మధ్యాహ్నం తిరిగొచ్చి మంచం మీద పడి, చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. అవే. మెట్రో అని మొదలయ్యే పొడుగాటి పేరు. అదే వెండి కాగితం, అదే రంగు. పట్టీని తిప్పి తిప్పి చూశాను.

"ఏటే అలగ చూస్తన్నావు? పామునేటైనా ఇచ్చానా?"

"ఇవి మనకొద్దండి."

"వద్దంటే నీ మొగుడు పోతాడు. కడుపులో కంటికి కనపడని పురుగులున్నాయంట. ఇవి ఏస్తేనే చస్తాయంట."

అని కళ్ళు మూసుకున్నాడు. కొంచెం సేపటికి తనలో తనే నవ్వుకుంటూ, "ఆ కంపౌండరు, బెజవాడ కుర్రోడు, ఏటన్నాడో తెలుసా? ఏడు రోజులు దారూ బంద్ అంట. మాత్రలైపోయాక ఇంకో మూడు రోజులు కూడానంట. మా గోపాలం ఏడుస్తాడు పాపం" అన్నాడు.

ఏడు. అయిపోయాక ఇంకో మూడు.

నాకు కూడా అవే అంకెలు చెప్పాడు, గున్నా. కానీ నాకు చెప్పింది దారూ గురించి కాదు.

మాత్రలు బియ్యం డబ్బాలో అడుగుకి తోసేశాను.

జూలై 6

ఏడు. ఆపైన మూడు.

జూలై 7

"మాత్రలేవి?"

"ఇక్కడే పెట్టాను. ఏమయ్యాయో."

"ఎలకెత్తుకుపోయిందేటి? ఎలక్కి కూడా విరేచనాలేనా?"

నవ్విద్దామని అన్నాడు. నవ్వలేదు నేను. పెద్దమనిషి, బొగ్గు భట్టీల ముందు ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మనిషి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు చెంచాతో పోశాను. మాత్రలు మాత్రం తియ్యలేదు. ఇస్తే పోతాడని ఒక భయం. ఇవ్వకపోయినా పోతాడని ఇంకో భయం.

రేపు ఆ విన్సెంటు మెడ పట్టుకుని అడుగుతాను. మా పిల్లకి ఏం చెప్పావో మా ఆయనకి అది ఎందుకు చెప్పలేదని అడుగుతాను.

జూలై 8

వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరింకా రాలేదు. విన్సెంటు బల్ల దగ్గర చీటీలు సర్దుతున్నాడు. నన్ను చూసి లేచాడు. నేను కూర్చోలేదు.

"బాబూ, కిందటేడు మా పిల్లకి ఇవే మాత్రలిచ్చినావు. అప్పుడు నాకేటి చెప్పినావో గుర్తుందా?"

"అందరికీ చెప్పేదే చెప్పుంటానండి పిన్నిగారూ. తిన్నాకే వేసుకోవాలి, లేకపోతే కడుపులో తిప్పుద్ది. నోరు ఇనుము నాకినట్టుంటది, భయపడొద్దు. ఒంటేలు రంగు మారినా కంగారు పడొద్దు. రెండ్రోజుల్లో తగ్గింది కదా అని మధ్యలో ఆపెయ్యొద్దు. మందు ముట్టుకోకూడదు. అయిపోయాక కూడా మూడు రోజులు."

"అదిగో, అదే! మందు ముట్టకూడదన్నావు. మరి మా ఆయనకి ఆ మాట చెప్పలేదేటి? దారూ వద్దన్నావంట."

అతను నా మొహంలోకి చూశాడు. వేళాకోళం అనుకున్నాడు కాబోలు.

"రెండూ ఒకటే కదండీ. మందంటే అదేగా." బొటనవేలు నోటి దగ్గర పెట్టి సీసా ఎత్తినట్టు చూపించాడు. "బ్రాందీ, సారా, ఏదైనా. ఈ మాత్రలతో అది పడదు. వాంతులు, గుండె దడ, మొహమంతా ఎర్రగా అయిపోద్ది. తాగినా తాగకపోయినా అందరికీ చెబుతానండి. పొట్లం కడుతుంటే నోరు దానంతటదే చెప్పేస్తుంది."

"ఆ మందా?" అన్నాను.

"మీరేమనుకున్నారండి?"

"మందంటే మందే అనుకున్నాను బాబూ. మా వైపు తాగేదాన్ని మందని ఎవరూ అనరు. మా పిల్లకి ఫిట్ల మాత్రలుండేవి. రోజూ ఏసుకునేది. అవి ఆపీసాను."

అతని చేతిలో చీటీలు అలాగే ఉండిపోయాయి. "ఎన్నాళ్ళు?"

"తొమ్మిది రోజులు. పది పూర్తయ్యేక ఇద్దామనుకున్నాను."

స్టూలు మీద కూలబడ్డాడు. పాతికేళ్ళుంటాయేమో, పిల్లాడే. "ఫిట్స్ మాత్రలు ఒక్క పూట కూడా మనంతట మనం ఆపకూడదు పిన్నిగారూ. అయ్యో. డాక్టరుగారికి చెప్పారా, పిల్ల ఆ మాత్రలు వాడుతోందని? చెప్పుంటే ఆయన రెండూ చూసుకుని ఇచ్చేవారు కదండీ."

నేను గుమ్మం వైపు తిరిగాను.

"తప్పు నాదండి," అన్నాడు. "అడగాల్సింది. మీరేగా నాతో అన్నారు, తెలుగులో చెప్పు బాబూ, నీ నోట వింటే మా ఊరెళ్ళొచ్చినట్టుంటుందని. అందుకని తెలుగులో చెప్పా."

అవును. అన్నాను.

వచ్చేముందు గుమ్మందాకా వచ్చి, "మీ ఆయన వేరే మందులేమన్నా వాడతారా?" అని అడిగాడు. తర్వాత తనే సర్దుకుని, "మింగేవండి, మింగే మాత్రలు" అన్నాడు. ఈసారి నిజం చెప్పాను. మాత్రలేవీ లేవు, నడుముకి నూనె రాస్తాడు, దారూ మాత్రం రోజూ, జ్వరం వచ్చాక అయిదు రోజులుగా ముట్టలేదు. "అయితే ఈ రోజే మొదలెట్టండి, ఇప్పటికే ఆలస్యం చేశారు" అన్నాడు.

జూలై 8, సాయంత్రం

విన్సెంటు అబద్ధం చెబుతున్నాడు. తను తప్పించుకోవడానికి.

జూలై 9

అబద్ధం కాదు.

బియ్యం డబ్బాలోంచి మాత్రలు తీశాను. గంజి తాగించి మొదటిది ఇచ్చాను. "దొరికాయేటి?" అన్నాడు. దొరికాయన్నాను. ఎక్కడని అడగలేదు. మింగాక మొహం చిట్లించి, "తుప్పు పట్టిన మేకు చీకినట్టుంది" అన్నాడు. నువ్వు "అమ్మా, లోహే జైసా" అన్నావు. అదే మాట, రెండు భాషల్లో.

జూలై 10

గున్నా, నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను.

డాక్టరు నన్ను అడిగాడు. "పిల్ల ఇంకేమైనా గోలీలు వాడుతోందా?" అని హిందీలో అడిగాడు, నాకు బాగా అర్థమైంది. నా పక్కన బల్ల మీద కామాక్షమ్మ కూర్చుంది. దాని కాలి పుండు చూపించుకోడానికి వచ్చింది. ఎనిమిదేళ్ళుగా నీ ఫిట్ల సంగతి ఈ వీధిలో ఎవరికీ తెలియనివ్వలేదు. కామాక్షమ్మకి తెలిస్తే పక్క ఊరు కుమ్హారి దాకా తెలుస్తుంది. లేదన్నాను. ఒక్క మాట. "నహీ." ఆయన రాసేశాడు.

తర్వాత విన్సెంటు మందు ముట్టకూడదన్నప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. డాక్టరుకి చెప్పకపోయినా ఈ అబ్బాయే దారి చూపించాడు, నీ పాత మాత్రలు ఆపేస్తే రెండూ కలవవు కదా అనుకున్నాను. ఇంటికొచ్చి నీ ఫిట్ల మాత్రల సీసా తీసి అటక మీద ఉసిరికాయ పచ్చడి జాడీ వెనక పెట్టాను. నీ చేతికి అందకుండా.

నీ మాత్ర ఏదని నువ్వు అడిగావు. రెండో రోజు. "అమ్మా, మేరీ వాలీ గోలీ?" అన్నావు. "కంపౌండరు వద్దన్నాడు, తెలుగులో చెప్పాడు, నీకు తెలీదు" అన్నాను. నువ్వు నవ్వి, "తెలుగులో బోలా తో సహీ హోగా" అన్నావు. తెలుగులో చెప్పాడంటే సరిగ్గానే ఉంటుందిలే అని.

విరేచనాలు కట్టాయి. ఎనిమిదో రోజు పప్పన్నం తిన్నావు. తొమ్మిదో రోజు పొద్దున నల్లా దగ్గర పడిపోయావు. ఒక ఫిట్ ఆగకముందే ఇంకొకటి. రిక్షా, ఆసుపత్రి, సూది, ఏదీ ఆపలేకపోయింది.

విన్సెంటు హిందీలో చెప్పి ఉంటే నాకు తెలిసేది. దారూ మత్ పీనా అని ఉంటే నవ్వి, మా పిల్లకా అని వచ్చేసేదాన్ని. నా భాషలో చెప్పాడు. అందుకే నమ్మాను.

జూలై 11

నాన్నకి నెత్తురు ఆగింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఈ మాట నాన్నకి చెప్పాలి. చెప్పను. చెప్పలేను.

జూలై 12

మధ్యాహ్నం గోపాలం వచ్చాడు. చొక్కా లోపల సీసా దాచుకుని బొజ్జ మీద చెయ్యేసి నిలబడ్డాడు, నాకు కనపడదనుకున్నట్టు.

"వదినా, అన్నయ్య లేకపోతే దుకాణంవాడు దిగులుతో చిక్కిపోతన్నాడు."

"చిక్కనీ. ఇంకా ఆరు రోజులు ఆయన రాడు."

"పంచాంగం చూసినావేటి, ఆరని లెక్కగా సెప్తన్నావు?"

నాన్న లేచి కూర్చున్నాడు. ఇన్ని రోజులుగా లేని వెలుగు మొహంలో. "నాకు తగ్గిపోయిందే. ఒక్క గుక్క. నోట్లో ఈ తుప్పు పోతాది."

"వద్దండి. ముట్టకూడదు. మూడు పూటలా మాత్ర పడుతోంది లోపల. వాంతులవుతాయి, గుండె దడ వస్తుంది. ఇప్పుడున్న నీరసానికి తట్టుకోలేరు."

"నువ్వేటి డాక్టరువా?" గొంతు లేచింది. "పిల్ల పోయినప్పుడు ఈ మాత్రలే చంపీసాయని వీధంతా చెప్పినావు. ఇప్పుడు అవే మాత్రలు నా నోట్లో పోస్తన్నావు. ఏది నిజం? చెప్పు. ఏది నిజమే?"

గోపాలం నేల చూశాడు. చెబితే నన్ను ఎలా చూస్తాడో. చెప్పకపోతే వెళ్ళి తాగుతాడు.

"పప్పా" అని నువ్వు పిలిచినట్టుగా వాకిట్లో ఎవరో పిల్ల వాళ్ళ నాన్నని పిలిచింది. ఆయన మొహం ముడుచుకుపోయింది. "సాయంత్రం ఐదింటికి వస్తాను, పద" అని గోపాలాన్ని పంపేశాడు. అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నాలుగవుతోంది.

నువ్వు ఇది చదవలేవు గున్నా. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాడు ఒక్కడే. ఆయన చెప్పుల మీద ఈ పుస్తకం పెడుతున్నాను, జూలై ఎనిమిదో తారీఖు పేజీ దగ్గర పుల్ల పెట్టి. నేను నల్లాకి వెళ్తున్నాను.

జూలై 13

నిన్న బిందె నిండి పొర్లిపోయినా ఇంటికి రాలేదు. అయిదున్నరకి వచ్చాను. చెప్పులు అక్కడే ఉన్నాయి. పుస్తకం లేదు. నాన్న పెరట్లో, నువ్వు కుట్టు మిషన్ వేసుకునే చోట కూర్చుని ఉన్నాడు. గోపాలం వచ్చి పిలిచాడట. రానన్నాడట, కామాక్షమ్మ చెప్పింది. అన్నం పెట్టాను, తిన్నాడు, మాత్ర వేసుకున్నాడు.

పొద్దున పుస్తకం నీ మిషన్ మీద ఉంది. నా రాత కింద ఆయన రాత, డ్యూటీలో నంబర్లు వేసే పెన్సిల్‌తో. పెద్ద అక్షరాలు. అలాగే ఉంచుతున్నాను:

సీసా నేనూ చూశాను. జాడీ వెనక. ఊరగాయ కోసం అటక ఎక్కినప్పుడు. ఇదేటి ఇక్కడుందని అడగబోయాను. గోపాలం పిలిచాడు. ఎల్లిపోయాను. మరి అడగలేదు. ఇన్నాళ్ళూ అందుకే నీ మొహం చూడలేకపోయాను. నువ్వొక్కదానివే కాదే నూకాలూ.

జూలై 14

పది నెలలు ఒకే ఇంట్లో, ఒకే అటక కింద. ఇద్దరం చెరో సీసా దాచుకుని.

జూలై 15

ఏమండీ,

ఈ పేజీ గున్నమ్మకి కాదు, మీకు.

కామాక్షమ్మ కోడలికి నిన్నటి నుంచి విరేచనాలు. ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్తున్నారు. నేనూ వెళ్తున్నాను. ఆ పిల్లకి మూడో నెల, అది లోపల చెప్పడానికి సిగ్గుపడుతోంది. ఈ మాత్రలు రాసేముందు డాక్టరుకి అది తెలియాలి. నేను గట్టిగా చెబుతాను, గదిలో ఎంతమంది కూర్చున్నా సరే. గున్నమ్మ సంగతి కూడా చెబుతాను, కామాక్షమ్మ వినేలాగే.

అటక మీది సీసా దించాను. విన్సెంటుకి ఇచ్చేస్తాను. ఒకరి కోసం ఇచ్చిన మాత్రలు ఇంట్లో ఇంకొకరి కోసం దాచకూడదట.

మీ మాత్రలు ఈ రాత్రితో అయిపోతాయి. తగ్గింది కదా అని ఆ మిగిలినవి మానొద్దు. ఆ తర్వాత మూడు రోజులు దారూ వద్దు. నాలుగో రోజు సంగతి నాలుగో రోజున మాట్లాడుకుందాం, ఇద్దరం కూర్చుని. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు కదా మనం.

కాచిన నీళ్ళు మూతపెట్టిన కూజాలో ఉన్నాయి. గిన్నెలో మెత్తగా ఒండిన అన్నం, అరటికాయ కూర, చిన్న గ్లాసులో మజ్జిగ. ఖాళీ కడుపున మాత్ర వెయ్యొద్దు. నా కోసం ఆగొద్దు.

కడుపునిండా తినండి.